బాగున్నవాళ్ల వాంగ్మూలం

చేపకి ఒంట్లో బాగోకపోతే చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. మేత మానేస్తుంది, ఓ మూలకి చేరుతుంది, పక్కకి ఒరిగి ఈదుతుంది. పగడానికి ఆ సౌకర్యం లేదు. అతుక్కున్న చోటే బతకాలి, అక్కడే పోవాలి. అదీ జంతువే, కానీ అరవదు, పారిపోదు, దాక్కోదు. మహా అయితే రంగు కాస్త మందగిస్తుంది. చీకటి పడ్డాక రోజూ బయటికి చాచే సన్నని చేతులు ఆ పూట చాచదు. ఇవి మన కంటికి ఆనేలోపే కొమ్మ మొదట్లో గోరంత మేర తెల్లబడి ఉంటుంది. ఒంట్లో కాపురముండే నాచుని వదిలేసుకుని పాలిపోయిన పగడం ఇంకా బతికే ఉంటుంది, కోలుకోవచ్చు కూడా. ఈ తెలుపు వేరు. ఇక్కడ పైనున్న పలచని కండ ఊడిపోయి, కింది సున్నపు అస్థిపంజరం బయటపడింది. ఆ అంచు రోజుకింత చొప్పున పైకి పాకుతుంది. ఒక్కోసారి పొద్దున మొదలై సాయంత్రానికల్లా కొమ్మంతా అయిపోతుంది.

డాలస్ శివార్లలో మా ఇంటి హాల్లో ఇలాంటి పగడాలున్న ఉప్పునీటి తొట్టి ఒకటుంది. ఇక్కడ తొట్లలోనే పెరిగిన పగడాల కొమ్మలు తుంచి అమ్ముతారు, రాతిముక్కకి అంటించుకుని పెంచుకుంటాం. మాకూ ఒకటి పెట్టించమని ఊరి నుంచి బంధువులు అడుగుతుంటారు గానీ, ఇండియాలో రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులి సరసన ఉన్నాయి. ఇంట్లో పెట్టుకుంటే కేసు అవుతుంది. ఈ సరదా ఉన్నవాళ్లు ఎక్కడ కలిసినా, కాసేపటికి ఎవరో ఒకరు ఒకే ఫిర్యాదు తీస్తారు. “పగడాలు పోతున్నాయండీ. నీళ్లు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.”

నీళ్లు బాగున్నాయని ఎలా తెలుసు? కొలిచాం కాబట్టి. ఉప్పు వెయ్యికి 35 పాళ్లు. వేడి 25, 26 డిగ్రీల మధ్య. కాల్షియం లీటరుకి 420 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,300 దరిదాపుల్లో. వీటన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టేది ఆల్కలినిటీ. పగడం గూడు కట్టుకోవడానికి కాల్షియంతో పాటు కావలసిన కార్బనేటు నిల్వ ఎంతుందో చెప్పే లెక్క అది. దాన్ని డీకేహెచ్‌లలో కొలుస్తారు, సముద్రంలో 7 దాకా ఉంటుంది. తొట్టిలో పగడాలు పెరిగేకొద్దీ రోజూ తరిగిపోతుంది, రోజూ నింపాలి. కొందరు రాత్రంతా సున్నపు తేట బొట్టుబొట్టుగా పడేలా ఏర్పాటు చేసుకుంటారు. దీన్ని కొలవాలంటే పరీక్ష కిట్టులోని చిన్న గాజుసీసాలో కాసిని నీళ్లు తీసుకుని, సిరంజితో మందు చుక్కలు వేసుకుంటూ పోయి, రంగు విరిగిన చుక్క దగ్గర చెయ్యి ఆపాలి. ఒక్క చుక్క అటూ ఇటూ అయినా అంకె మారిపోతుంది. ఇంకా అనుమానం తీరకపోతే ఒక గొట్టంలో నీళ్లు పట్టి లేబొరేటరీకి పంపొచ్చు. వాళ్లు రాగి, తగరం, అల్యూమినియం, అయోడిన్ అంటూ మూలకాల వారీగా పెద్ద పద్దు పంపిస్తారు.

ఆ పద్దులో తప్పు పట్టడానికి ఏమీ దొరక్కపోతే మనిషి రెండు పనులు చేస్తాడు. మొదటిది, కొలిచే పరికరాన్నే అనుమానించడం. ఇందులో న్యాయముంది. ఉప్పు చూసే రిఫ్రాక్టోమీటర్‌ని మంచినీటితో సున్నాకి సరిచేసి వదిలేస్తే 35 దగ్గర అది తప్పు చెప్పొచ్చు. 35 పాళ్ల ద్రావణంతోనే సరిచూసుకోవాలి. కుళాయి నీళ్ల సంగతీ అంతే. అమెరికాలో చాలా ఊళ్లలో నీళ్లని శుద్ధి చేసేది క్లోరమిన్‌తో. ఆర్వో చివర టీడీఎస్ మీటరు సున్నా చూపించింది కదా అని క్లోరమిన్ లేదనుకోడానికి వీల్లేదు. ఆ మీటరు చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతోందన్నదే. క్లోరమిన్ దాని లెక్కలోకి రాదు.

రెండోది, ఏదో ఒకటి మార్చడం. లైటు తగ్గిస్తారు, పంపు తిప్పుతారు, ఫాస్ఫేటు లాగే మందు పెడతారు, మర్నాడు తీసేస్తారు, కొత్త బ్రాండు ఉప్పు తెస్తారు. దీనివల్ల పగడానికి దక్కేదానికంటే చూసేవాడికి దక్కే ఊరటే ఎక్కువ. పైగా వారంలో అయిదు మార్పులు చేశాక, మంచి జరిగినా చెడు జరిగినా దేనివల్ల జరిగిందో చెప్పడం బ్రహ్మ తరం కూడా కాదు.

హ్యూస్టన్‌లో ఉండే ఒక మిత్రుడు ఈ విద్యలో నాకంటే చాలా ముందు దిగినవాడు. సొంతూరు కరీంనగర్, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. మా తొట్టిలో అక్రోపోరాలు, అంటే కొమ్మలు కొమ్మలుగా చీలే రాతి పగడాలు, ఒక్కొక్కటే మొదలు నుంచి తెల్లబడుతున్న రోజుల్లో అతనికి ఫోన్ చేసి అంకెలన్నీ అప్పజెప్పబోయాను. నడిమధ్యలో ఆపేశాడు.

“పోయేటియి తర్వాత చెప్దువు గని అన్నా, మంచిగున్నయి ఏమేమి?”

“అంటే?”

“నత్తలు తిరుగుతున్నయా? అద్దం మీద ఊదారంగు పడుతున్నదా? మాంటిపోరా పెరుగుతున్నదా? పోయి చూడు. నేను లైన్లనే ఉంట.”

ఫోన్ చెవికి ఆనించుకుని తొట్టి ముందు కూచున్నాను. ఒక్కో జవాబూ ఒక్కో అనుమానాన్ని కొట్టేస్తూ పోయింది. నత్తలు అద్దం గీరుకుంటూ వాటి దారిన అవి పోతున్నాయి, రొయ్య రాయి కింద నుంచి మీసాలు ఆడిస్తోంది. నీళ్లలో రాగి కలిస్తే ముందు పోయేవి అవే, కాబట్టి రాగి కాదు. చేపలు మేతకి ఎగబడుతున్నాయి, అంటే అమ్మోనియా గొడవ లేదు, ఆక్సిజన్‌కి లోటు లేదు. పక్క అద్దం మీద కోరలైన్ నాచు కొత్తగా ఊదారంగు చుక్కలు పెడుతోంది. అదీ సున్నంతోనే ఒళ్లు కట్టుకునేది కనక కాల్షియం, ఆల్కలినిటీల గురించి కిట్టు నిజమే చెబుతోంది. లైటుకి దగ్గరగా పైనున్న అక్రోపోరా, కింద నీడలో ఉన్న అక్రోపోరా ఒకేలా పోతున్నాయి, ఇక వెలుతురు మీద నేరం మోపలేం. అన్నిటికంటే వింత, ఆ పోతున్న కొమ్మకి బెత్తెడు దూరంలో, అదే వెలుతురులో, అదే నీటి ఒరవడిలో, వెడల్పుగా పరుచుకున్న మాంటిపోరా అనే ఇంకో రాతి పగడం అంచు పొడుగునా కొత్త ఎదుగుదల మెరుస్తోంది. శాస్త్రజ్ఞుల లెక్కలో రెండూ ఒకే కుటుంబం.

“మాంటిపోరా ఎట్లున్నది?”

“నిక్షేపంలా ఉంది.”

“అయితే నీళ్ల లొల్లి కాదన్నా. అక్రోపోరానే ఏరుకోని తినేటిది ఏదో ఉన్నది. రాత్రి లైట్లు బంద్ చేసి చూడు.”

థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడి మీద రసం పోయడానికి ఇక్కడ రబ్బరు బుడ్డి ఉన్న పొడవాటి గొట్టం ఒకటి అమ్ముతారు. మా వంటింట్లో ఆ పని ఎన్నడూ చెయ్యని గొట్టం తొట్టి దగ్గర మాత్రం రోజూ పనికొస్తుంది. టార్చి వెలుగులో కొమ్మ మొదట్లోకి దాంతో నీళ్లు గట్టిగా చిమ్మాను. మొదటిసారి ఏమీ లేదు. ఇంకాస్త వెనక్కి పెట్టి చిమ్మితే, పగడం చర్మమే చిన్న పెచ్చుగా ఊడినట్టు ఏదో లేచింది. పెచ్చు అయితే కిందికి జారిపోవాలి. ఇది అంచులు ముడుస్తూ విప్పుతూ నీళ్లలో తేలింది. కోలగా, కాయితమంత పలచగా, ఒళ్లంతా గోధుమరంగు మీద చిన్న చిన్న తెల్ల మచ్చలు. ఒక చదును పురుగు. తాను తిన్న పగడంలోని నాచుని ఒంట్లో ఉంచుకుని ఆ పగడం రంగులోనే కనిపిస్తుంది, అందుకే పట్టపగలు ముక్కు ఆనించి చూసినా దొరకదు. కొమ్మని తీసి తిరగేస్తే అడుగున గుండ్రటి పాలిపోయిన గాట్లు, కండ పోయిన చోట రాయిని అంటుకుని గుత్తులుగా గుడ్లు. ఏ లేబొరేటరీ పద్దులోనూ ఇది రాదు, ఎందుకంటే ఇది నీళ్లలో కరిగేది కాదు. మందు నీళ్లలో ముంచితే పురుగులు రాలాయి. గుడ్లు ఆ మందుకి చావవు కనక, అవి పొదిగేకొద్దీ మళ్లీ మళ్లీ ముంచాల్సి వచ్చింది.

ఈ పురుగు చరిత్ర కూడా తమాషాగా ఉంటుంది. పగడాలు పెంచుకునేవాళ్లకి పీడగా చాలాకాలంగా తెలిసినా, అమకుసాప్లానా అక్రోపోరే అని శాస్త్రీయంగా పేరు పడింది 2011లో, అదీ తొట్లలో దొరికిన నమూనాలతో. సముద్రంలో, ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర, మొదటిసారి దొరికిందని 2012లో ప్రకటించారు.

పురుగు సంగతి అలా ఉంచితే, నా బుర్రలో తిష్ఠ వేసింది “మంచిగున్నయి ఏమేమి?” అన్న మిత్రుడి ప్రశ్న. ఎక్కడ రోగం వచ్చినా మనం చుట్టూ చేరేది రోగి మంచానికే. ఏం తిన్నాడు, ఎక్కడికి పోయాడు, ఎప్పుడు మొదలైంది. చనిపోయేవాడి మాటకి చట్టం కూడా ప్రత్యేకంగా విలువ ఇస్తుంది, మరణ వాంగ్మూలమని నమోదు చేస్తుంది. బాగున్నవాడి వాంగ్మూలం ఎవరూ తీసుకోరు. ఆయనకి చెప్పడానికి ఏముందని? ఏమీ జరగలేదు కదా! కానీ ఏమీ జరగకపోవడమే అసలు సమాచారం.

1854లో లండన్‌లో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు బ్రాడ్ స్ట్రీట్ పంపుని పట్టించిన కథ చాలామందికి తెలుసు. చచ్చిపోయినవాళ్ల ఇళ్లకి పటం మీద గుర్తులు పెట్టాడని చెప్పుకుంటారు. ఆయన వాదనకి బలం తెచ్చినవాళ్లలో చావనివాళ్లూ ఉన్నారు. ఆ పంపుకి దగ్గర్లోనే నిరుపేదలని ఉంచే వసతిగృహంలో 535 మంది ఉంటే కలరాతో పోయినవాళ్లు అయిదుగురు. వాళ్లకి సొంత బావి ఉంది. ఆ వీధిలోనే బీరు తయారుచేసే కర్మాగారంలో డెబ్బై మందికి పైగా పనివాళ్లుంటే ఒక్కరూ కలరాతో చావలేదు. వాళ్లు తాగేది యజమాని ఇచ్చే బీరు. నీళ్లు కావాలన్నా లోపలే బావి ఉంది. చుట్టూ అదే గాలి, అదే దుర్గంధం. చెడుగాలి వల్లే కలరా వస్తుందని నమ్మే రోజుల్లో, ఆ గాలే పీల్చి బతికినవాళ్లు ఆ నమ్మకానికి అడ్డం తిరిగారు.

సముద్రంలోనూ ఇదే తంతు. 2013 నుంచి ఉత్తర అమెరికా పడమటి తీరంలో సముద్ర నక్షత్రాలు చేతులు రాలి, ముద్దగా కరిగిపోయి చావడం మొదలైంది. మరుసటి ఏడాది ఒక వైరస్‌ని అనుమానించారు. తీరా చూస్తే ఏ జబ్బూ లేని నక్షత్రాల్లోనూ ఆ వైరస్ హాయిగా ఉంది, కేసు వీగిపోయింది. అసలు కారకుడు విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా అని 2025లో గానీ తేలలేదు. జబ్బు పడ్డవాటి ఒంట్లోని ద్రవాన్నీ, బాగున్నవాటి ద్రవాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చాకే అది బయటపడింది. ఫ్లోరిడాలో మయామీ దగ్గర 2014లో మొదలై కరీబియన్ అంతటా పాకిన పగడాల తెగులుది ఇంకో కథ. ఇరవైకి పైగా రాతి పగడాల జాతుల్లో కండ ఊడగొట్టి చంపుతోంది, అక్రోపోరాలని మాత్రం ముట్టుకోవడం లేదు. మా తొట్టికి సరిగ్గా తలకిందులన్నమాట. కారణం ఇదీ అని ఇంతవరకు ఖాయం కాలేదు. పుండు అంచున అమాక్సిసిలిన్ కలిపిన ముద్ద పూస్తే మాత్రం చాలాసార్లు ఆగుతోంది కాబట్టి బాక్టీరియా చెయ్యి ఏదో రకంగా ఉండి ఉండాలని అంచనా.

ఇంతవరకు చెప్పిందాంట్లో ఒక మెలిక ఉంది. బాగున్నవాళ్లంతా సాక్షులే అనుకుంటే పొరపాటు. నేరస్థుడు వాళ్లలోనే ఉండొచ్చు. తొట్టిలో అందరికంటే ఏపుగా పెరిగే లెదర్ కోరల్ అనే మెత్తటి పగడం తన చుట్టుపక్కల రాతి పగడాలు ఎదగకుండా నీళ్లలోకి విషాలు వదులుతుంది. ఏ కిట్టూ ఆ విషాన్ని కొలవదు. యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాక పక్కవి తేరుకుంటే అప్పుడు అనుమానం వస్తుంది. పగలంతా పువ్వులా ఉండే గెలాక్సియా రాత్రయ్యాక పొడవాటి చేతులు చాచి, అందిన పొరుగుదాన్నల్లా కాల్చేస్తుంది. పొద్దున మనకి కనిపించేది గాయపడ్డ పొరుగు పగడమే. దీనికి ఎదురు కేసు కూడా ఉంది. అదే లెదర్ కోరల్ ఉన్నట్టుండి ముడుచుకుపోయి, ఒంటి మీద మైనంలాంటి పొర కట్టుకుని, రోజుల తరబడి చావుకి సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది పై పొర వదుల్చుకుంటోందంతే. కొత్త పెంపకందారులు ఆ కంగారులో తొట్టంతా తలకిందులు చేస్తారు. కాబట్టి బాగున్నవాటిని అడగడమంటే గుడ్డిగా నమ్మడం కాదు. ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారు, ఎవరి పక్కన ఉన్నారు, రాత్రి ఏం చేస్తారు, ఇవన్నీ చూడాలి. అన్నీ చూశాక కూడా మా తొట్టిలో బర్డ్స్‌నెస్ట్ జాతి పగడమొకటి ఏ జాబితాకీ చిక్కకుండా పోయింది.

నేను పుట్టింది ఉద్దానంలో, పలాస పక్కన. ఉద్దానం అంటే మా చిన్నప్పుడు కొబ్బరి తోటలు, జీడి తోటలు. ఇప్పుడా పేరు చెబితే రాష్ట్రంలో ఎవరికైనా కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరు లేనివాళ్లకి, బీపీ లేనివాళ్లకి, పొలం పని చేసుకునే నడివయసు వాళ్లకి కిడ్నీలు పాడవుతున్నాయి. రెండు దశాబ్దాలకు పైగా వెతుకుతూనే ఉన్నారు. బోరు నీళ్లలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, నొప్పి బిళ్లలు, ఎండలో పనిచేస్తూ చాలినన్ని నీళ్లు తాగకపోవడం, వంశం నుంచి వచ్చిన లక్షణాలు: అనుమానితుల జాబితా పెరిగింది గానీ ఏ ఒక్కటీ కారణమని రుజువు కాలేదు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే జనాన్ని తింటోంది. మనుషుల ప్రాణాల ముందు నా గాజుతొట్టి ఎంత! కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే. అవే నీళ్లు తాగి, అదే ఎండలో జీడిపిక్కలు ఏరి, ముసలితనంలోనూ కిడ్నీలు చెక్కుచెదరని మనిషి ఆ ఊళ్లోనే, ఒక్కోసారి ఆ ఇంట్లోనే ఉంటాడు. ఆయనకి ఆసుపత్రితో పని లేదు, అందుకే ఆయన రక్తం ఆసుపత్రి పరీక్షలకి అందదు. ఇల్లిల్లూ తిరిగి బాగున్నవాళ్లని కూడా పరీక్షించాలంటే ఖర్చు ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. వైద్యానికి వచ్చినవాళ్లనే లెక్కపెడితే జబ్బు గురించి తెలుస్తుందేమో గానీ, జబ్బు రాకపోవడం గురించి తెలియదు.

కారణం తేలేదాకా చేతులు కట్టుకుని కూచోమని నా ఉద్దేశం కాదు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లని పైపుల్లో ఉద్దానానికి తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. నీళ్లే దోషి అని తేలిందా అంటే లేదు. మంచినీళ్లు ఇవ్వడానికి ఆ రుజువుతో పని లేదు. తొట్టిలోనూ కొన్ని పనులు అలాంటివే. కొంత పాత నీరు తోడేసి కొత్త నీరు పొయ్యడం, కార్బన్ పెట్టడం, వీటికి రోగం పేరు తెలియక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. తోడేసే ముందు ఒక సీసాడు పాత నీళ్లు మూతపెట్టి, తేదీ రాసి పక్కన పెట్టుకోవాలి. వైద్యం రోగాన్ని కడిగేటప్పుడు దాని ఆనవాళ్లని కూడా కడిగేస్తుంది.

ఆనవాళ్లు ఏ స్థాయిలో పనికొస్తాయో చెప్పడానికి కరీబియన్ సముద్రంలో ఒకే జీవికి రెండుసార్లు జరిగిన విపత్తు చాలు. పొడవాటి నల్ల ముళ్లున్న డయడెమా ఉర్చిన్లు అక్కడ నాచుని మేసి పగడాలకి చోటు మిగిల్చేవి. 1983లో పనామా దగ్గర మొదలైన ఏదో తెగులుకి ఏడాది తిరిగేసరికి సముద్రమంతటా దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. మేసేవాళ్లు లేక నాచు పగడాల మీదికి ఎక్కింది. అప్పుడు వాటిని చంపిందేమిటో ఇప్పటికీ తెలియదు. 2022లో మళ్లీ చావులు మొదలయ్యాయి. ఈసారి జబ్బు పడ్డవాటితో పాటు బాగున్న ఉర్చిన్లని కూడా, తెగులు సోకని చోట్ల నుంచి సైతం, ఏరి తెచ్చి పోల్చారు. మరుసటి ఏడాదికల్లా దోషి దొరికింది: ఒంటినిండా నూగుతో ఈదే ఏకకణ జీవి.

ఇలా పోల్చాలంటే పోల్చడానికి ముందొకటి ఉండాలి. అక్కడే మనకి చిక్కొస్తుంది. జబ్బు చేసినప్పుడు గంటగంటకీ రాసుకుంటాం, ఫొటోలు తీస్తాం, అందరికీ పంపుతాం. ఏ గొడవా లేని నెలల గురించి ఒక్క ముక్క ఉండదు. అప్పుడు పగడం చేతులు ఎంతదూరం చాచేదో, కొమ్మ చివర ఏ రంగు ఉండేదో, నత్తలు ఎన్ని ఉండేవో ఎవరికీ గుర్తుండదు. మన ఒంటి విషయంలోనూ ఇదే నిర్వాకం. ఆసుపత్రి ఫైళ్లనిండా జ్వరాలే, బాగున్నప్పటి రక్తపరీక్ష ఒక్కటీ ఉండదు. డాక్టరు “ఇంతకుముందు ఎంత ఉండేది?” అని అడిగితే దిక్కులు చూస్తాం. మా హ్యూస్టన్ మిత్రుడు నెలకోసారి, ఏ లోపమూ లేని తన తొట్టికి, ఒకే చోట నిలబడి ఒకే లైటులో ఫొటో తీసి, కింద నాలుగు ముక్కలు రాసిపెడతాడు. చదివితే నిద్రొచ్చే రాత అది. కానీ అతను ఎక్కడా “అన్నీ మామూలే” అని మాత్రం రాయడు. మామూలంటే ఏమిటో రాస్తాడు. రేపు మామూలు చెడిన రోజున ఏది చెడిందో చెప్పగలిగేది ఆ రాతే.